స్లాటు కోసం ఒక అంబాసిడర్

అమీర్‌పేట,
సోమవారం.

పంజాగుట్ట వజ్రమ్మ కార్ క్యారియర్స్ యజమాని శ్రీ మొగిలయ్య గారికి,

మైత్రీవనం వెనక సందులో కాపురం ఉంటున్న రిటైర్డు పోస్టల్ ఉద్యోగి జోగారావు నమస్కరించి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. నేను కోయంబత్తూరులో ఒక పాత అంబాసిడర్ కారు కొన్నాను. ఫొటో చూసే కొన్నాను. లేత ఆకుపచ్చ రంగు, గుండ్రటి కళ్ళు, పెద్దమనిషి తరహా. దాన్ని మీ లారీ మీద హైదరాబాదు తెచ్చి, మా అపార్ట్‌మెంటు సెల్లారులో నా పార్కింగు స్లాటులో దింపాలి.

ఇంజను గురించి మీరు బెంగ పెట్టుకోనక్కర్లేదు. అది నడవదని అమ్మినాయన హామీ ఇచ్చాడు. ఆ హామీ ఇచ్చాకే కొన్నాను. నాకు డ్రైవింగు రాదు.

ఒక్క మనవి. దయచేసి ఫోన్ చేయవద్దు. మా ఇంట్లో ఫోన్ ఎవరిదైనా ఎత్తేది మా ఆవిడ వరలక్ష్మి. కారు సంగతి ఆవిడకి తెలియదు, తెలియకూడదు. ఏదైనా ఉత్తరం ద్వారానే. ఉత్తరాల పెట్టె తాళంచెవి నా జంధ్యానికి ఉంటుంది.

ఇట్లు,
మీ విధేయుడు,
జోగారావు.

తా.క.: మా మేడ మీద నిలబడితే మీ ఆఫీసు బోర్డు కనిపిస్తుంది. అయినా ఈ ఉత్తరాన్ని పోస్టులోనే వేస్తున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళు అన్నం పెట్టిన శాఖను దాటుకుని నడిచి రాలేను.


పంజాగుట్ట,
శనివారం.

గౌరవనీయులైన జోగారావు సార్‌కు,

మొగిలయ్య నమస్తే. మీ ఉత్తరం అందింది సార్. మా ఆఫీసుకు ఉత్తరం వచ్చి మస్తు దినాలైంది. కోర్టు నోటీసేమో అనుకొని బీరువాల దాచిన. మా అమ్మ వజ్రమ్మ తీసి చదివించుకున్నది. కంపెనీ ఆమె పేరు మీదే ఉన్నది, హుకుం సుత ఆమెదే.

కోయంబత్తూరుకు లారీ పోయింది. మీ కారు ఎక్కించిండ్రు. డ్రైవరు ఫోన్ చేసి, కారు మంచిగున్నది అన్న, మర్యాదస్థుని లెక్క కూసున్నది అని చెప్పిండు. మీరు జర వచ్చి కాగితాల మీద సంతకం పెడితే అయిపోతది. మెట్రో ఎక్కితే ఒక్క స్టేషన్ సార్.

ఇట్లు,
మొగిలయ్య.

తా.క.: స్టాంపు ఎట్ల అంటించాలో మా ఆఫీసుల ఎవ్వరికీ ఎరుక లేదు. ఫెవిక్విక్ పెట్టినం. నా వేలు సుత దానికే అంటుకున్నది.


అమీర్‌పేట,
బుధవారం.

శ్రీ మొగిలయ్య గారికి,

జోగారావు నమస్కారాలు. కాగితాలు పోస్టులో పంపండి, సంతకం చేసి పోస్టులో తిప్పి పంపుతాను.

ఈ కారు నాకెంత అవసరమో మీకు చెప్పాలి. మేముండే ఫ్లాటు మా ఆవిడ పేరున ఉంది. స్టాంపు డ్యూటీ కలిసొస్తుందంటే అలా రాయించాను. కింద పార్కింగు స్లాటు ఒక్కటే నా పేరున ఉంది. ఈ భూప్రపంచంలో నాకున్న స్థిరాస్తి అదే. రోజూ పొద్దున్నే అక్కడ కుర్చీ వేసుకుని పేపరు చదువుకుంటాను. పైన టీవీ, మిక్సీ, ఆవిడ అక్కచెల్లెళ్ళ వీడియో కాల్స్. కింద నేనూ, సంపాదకీయమూ. అంతకంటే నాకేమీ అక్కర్లేదండి.

ఇప్పుడు మా అసోసియేషన్ సెక్రటరీ బుచ్చిబాబు, కారు లేని స్లాటు అసోసియేషన్‌కే చెందుతుందని తీర్మానం పెడుతున్నాడు. కోచింగ్ సెంటర్ల పిల్లల బైకులకి అద్దెకివ్వాలని అతని ఎత్తు. "కుర్చీ వాహనం కాదండీ, బైలా చూడండి" అని నా మొహం మీదే అన్నాడు. వచ్చే నెల మొదటి ఆదివారం జనరల్ బాడీ. ఆలోగా నా స్లాటులో కారు ఉండాలి. అది కదలాల్సిన పని లేదు. కదలకపోవడమే దాని ఉద్యోగం.

ముహూర్తం కూడా పెట్టించాను. సిద్ధాంతి గారు పగటి పూటే తీసుకురమ్మన్నారు. చీకటి పడ్డాక వాహనం ఇల్లు చేరితే యజమానికి స్థానభ్రంశం తప్పదట. కనుక రాత్రి మాత్రం తేవద్దు.

ఇట్లు,
జోగారావు.

తా.క.: బుచ్చిబాబు నిన్న నా స్లాటుని టేపు పెట్టి కొలిచాడు. నేను కుర్చీలోంచి లేవలేదు. నా కాళ్ళ కిందినుంచే కొలుచుకున్నాడు.


పంజాగుట్ట,
సోమవారం.

జోగారావు సార్‌కు,

మొగిలయ్య దండాలు. సార్, మీ కారు హైదరాబాద్ చేరింది. చేరి రెండుసార్లు వాపసు పోయింది.

పెద్ద లారీలను పగటి పూట ఊర్లెకు రానియ్యరు. రాత్రి అయితేనే విడుస్తరు. మా డ్రైవరు మొదటి రాత్రి మీ సందు దాకా వచ్చిండు. గంతల నాకు మీ ఉత్తరం యాదికొచ్చి, ఆపు ఆపు, సార్‌కు స్థానభ్రంశమైతది అన్న. ఆయన రింగు రోడ్డుకు మళ్ళిండు. పొద్దున వస్తే పోలీసులు ఆపిండ్రు. లారీకి ముహూర్తం ఉన్నది అని డ్రైవరు చెప్పిండట. చలానా సుత మంచి ముహూర్తంలనే రాసి ఇచ్చిండ్రు. పగలు పోలీసులు రానియ్యరు, రాత్రి మీ సిద్ధాంతి రానియ్యడు. మేము ఏమైపోవాలె సార్?

ఆఖరికి బేగంపేటల మా దోస్తు షెడ్డుల దింపినం. షెడ్డు మీ ఇల్లు కాదు గనక దోషం లేదు. అక్కడ మా మెకానిక్‌కు ఖాళీ కూసుంటే చేతులు గుంజుతయి. మీకు కానుకగా ఉంటదని ఇంజను విప్పి సాఫ్ చేసిండు. కారు స్టార్ట్ అయింది! సంబరం చేసుకోండి సార్.

ఇంకొక్క మాట. మా దగ్గర ఒక పద్ధతి ఉన్నది. ఇంటి ఇల్లాలు వచ్చి, కారుకు బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టనిది ఏ బండీ మా గేటు దాటదు. మా అమ్మ పెట్టిన రూలు. కంపెనీ పెట్టిన నాటి నుంచి తప్పలేదు. మీరు ఫోన్ వద్దన్నరు, అందుకని ఫోన్ చెయ్యం. అమ్మనే కుంకుమ భరిణె పట్టుకొని మీ ఇంటికి వచ్చి, అమ్మగారికి బొట్టు పెట్టి పిలుస్తది.

ఇట్లు,
మొగిలయ్య.

తా.క.: కారు హారన్ కొడితే షెడ్డుల ఉన్న పావురాలన్నీ లేచిపోయినయి. ఇంకా రాలేదు.


అమీర్‌పేట,
శుక్రవారం.

అయ్యా మొగిలయ్య గారూ,

కొంప ముంచారు. ఈ ఉత్తరం అందగానే, చదవడం కూడా పూర్తి చేయకుండా, వజ్రమ్మ గారిని గడప దాటకుండా ఆపండి.

ఎవరు స్టార్ట్ చేయమన్నారండీ దాన్ని? నేను అడిగానా? నడిచే కారు ఇంట్లో ఉందని తెలిస్తే వరలక్ష్మి ఊరుకుంటుందా? ఏలూరులో వాళ్ళ అక్క, తణుకులో చెల్లెలు, కాకినాడలో పిన్ని. బారసాలలు, ఓణీల ఫంక్షన్లు, సత్యనారాయణ వ్రతాలు. ఇన్నేళ్ళూ "రిజర్వేషన్ దొరకలేదు" అని చెప్పి నెట్టుకొస్తున్నాను. నా ప్రశాంతత యావత్తూ రైల్వే వెయిటింగ్ లిస్టు మీద ఆధారపడి ఉంది. వెంటనే బ్యాటరీ తీసేయించండి. వీలైతే ఇంజనులోంచి ఏదైనా ముఖ్యమైన ముక్క తీసి దాచండి. బొట్టు వజ్రమ్మ గారి చేతనే పెట్టించండి. ఆవిడా ఇల్లాలే కదా.

ఇట్లు,
గుండె దడతో,
జోగారావు.

తా.క.: ఇంట్లో ఇంకా ఏమీ తెలియలేదు, అదొక్కటే ఊరట. మా ఆవిడ ఈ మధ్య రోజూ పొద్దున్నే బేగంపేటలో భజన అని వెళుతోంది. చీరకి బూట్లు వేసుకుని వెళుతోంది. అదేం భజనో!


పంజాగుట్ట,
గురువారం.

జోగారావు సార్‌కు,

మొగిలయ్య నమస్తే. మీ ఉత్తరం ఇవ్వాళ అందింది. బొట్టు గురించి ఫికర్ చేయకండి. పెట్టే మనిషి దొరికింది, పెట్టింది. పేరు అడగకండి. మా అమ్మ నాతోని ఒట్టు వేయించుకున్నది.

ఆ రోజు నిమ్మకాయల మీంచి కారు నడపనీకి డ్రైవరు లేడు, చాయ్ తాగనీకి పోయిండు. ఆయన వచ్చేదాకా ఆగుండ్రి అన్న. ఆ మనిషి కొంగు నడుముకు చెక్కుకొని తలుపు తీసి కూసున్నది. నాలుగు నిమ్మకాయలు ఒక్క దెబ్బకు నలిగినయి సార్! మా మెకానిక్ చప్పట్లు కొట్టిండు.

కారు తెచ్చుడు గురించి మా అమ్మ ఒక ఉపాయం చెప్పింది. లారీలను పగలు రానియ్యరు గాని, కారు లారీ కాదు కదా! పొద్దుగాల నడిపించుకొని వస్తే ఏ పోలీసు ఆపుతడు? పదిహేనేండ్ల నుంచి కార్లు మోస్తున్నం గాని, కారు తనంతట తాను నడుస్తదనే సంగతి మాకు తట్టలేదు. శనివారం పొద్దున మీ ముహూర్తానికే తెస్తం. బ్యాటరీ తీయలేదు సార్. తీసి నెట్టుకొస్తే మీ ఇజ్జత్ పోతదని.

ఇట్లు,
మొగిలయ్య.

తా.క.: మీ ఇంట్ల భజనకు బూట్లు ఎందుకని అడిగిండ్రు. అవి ఉంటే బ్రేకు మంచిగ తొక్కొచ్చు. అంటే, భజనల కాలుతోని తాళం కొడతరు కదా, అందుకని.


అమీర్‌పేట,
మంగళవారం.

శ్రీ మొగిలయ్య గారికి,

మీ నోట్లో పంచదార పోయాలి. శనివారం పగటి పూట, దివ్యమైన ముహూర్తంలో, నా అంబాసిడర్ నా స్లాటులోకి వచ్చి నిలిచింది. ఆదివారం జనరల్ బాడీలో బుచ్చిబాబు లేచి "ఖాళీ స్లాట్లు..." అనగానే నేను ఊరికే సెల్లారు వైపు చూపుడువేలు చూపించాను. అతను కూర్చున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ నాకు అంతటి విజయం దక్కలేదు.

మా ఆవిడకి, ఇది పాత స్నేహితుడి కారు, కొన్నాళ్ళు దాచమన్నాడు అని చెప్పాను. "అలాగా, పాపం" అంది. ఇంకేమీ అడగలేదు. అమాయకురాలు.

ఒక్క చిక్కు వచ్చింది. కారు స్లాటంతా నిండిపోయింది. నా కుర్చీకి చోటు లేదు. ఇన్ని ఉత్తరాలు రాశాను, ముహూర్తం పెట్టించాను, కోయంబత్తూరు దాకా లారీ పంపించాను. ఈ సంగతి మాత్రం ఒక్కసారి కూడా ఆలోచించలేదండి. నిన్న కుర్చీ చేత్తో పట్టుకుని కారు చుట్టూ తిరిగి తిరిగి, ఏడుపొచ్చినంత పనైంది. చివరికి వెనక సీట్లో కూర్చుని పేపరు చదువుకున్నాను. సీటు మెత్తగా ఉంది. అద్దాలు ఎత్తితే బుచ్చిబాబు గొంతు వినబడదు. ఇకమీదట ఇదే నా చోటు.

ఇట్లు,
జోగారావు.

తా.క.: రోజూ నేను కిందికి దిగేసరికి కారు ముందు భాగం వేడిగా ఉంటోంది. చెయ్యి వేసి చూశాను. పాత కార్లకి ఒళ్ళు వెచ్చబడుతుందా?


పంజాగుట్ట,
సోమవారం.

జోగారావు సార్‌కు,

మొగిలయ్య నమస్తే. వేడి గురించి పరేషాన్ కాకండి. పెద్ద ప్రాణం, జర ఎండకు తిరిగితే గట్లనే ఉంటది.

వెనక సీటుల కూసుంటున్న అని రాసిండ్రు. సంతోషం. కిటికీ పైన పట్టుకునే పట్టీ ఉంటది. పేపరు ఒక చేత్తోని చదువుకోండి, ఇంకో చెయ్యి దాని మీద ఉంచండి. ఇంతకంటే ఎక్కువ రాయలేను సార్, ఒట్టు ఉన్నది.

ఇట్లు,
మొగిలయ్య.

తా.క.: నీళ్ళ బాటిల్ సుత పెట్టుకోండి.


ఏలూరు,
ఆదివారం.

శ్రీ మొగిలయ్య గారికి,

జోగారావు నమస్కరించి, ఏలూరులో మా వదినగారి అరుగు మీద కూర్చుని వ్రాయునది. మీ ఆఖరి ఉత్తరం గురువారం అందింది. ఒక్క రోజు ఆలస్యమైంది.

బుధవారం పొద్దున వెనక సీట్లో కూర్చుని సంపాదకీయం చదువుతున్నాను. కారు కదిలింది. బుచ్చిబాబు నెట్టేస్తున్నాడనుకుని "ఒరేయ్" అని అరిచాను. పేపరు దించి చూస్తే ముందు సీట్లో వరలక్ష్మి. చీర మీద బూట్లు, పక్కన మిఠాయి పెట్టెలు.

"ఆగు" అన్నాను.

"మీరు పేపరు చదువుకోండి" అంది.

"ఎక్కడికి?"

"అక్కయ్యగారింటికి. రిజర్వేషన్ దొరికింది."

పంజాగుట్ట సిగ్నల్ దగ్గర దిగిపోదామనుకున్నాను. పచ్చ లైటు పడింది. మీ బోర్డు కిందనుంచే వెళ్ళాం, మీ అమ్మగారు మేడ మీదనుంచి చెయ్యి ఊపారు. సాయంత్రం కారు ఏలూరు చేరే వేళకి నాకు కొన్ని సంగతులు తెలిశాయి. మా ఆవిడకి పెళ్ళి కాకముందే, వాళ్ళ నాన్నగారి అంబాసిడర్ మీద డ్రైవింగు వచ్చిందట. లైసెన్సు ఉందట. ఇన్నేళ్ళుగా రెన్యూవల్ చేయిస్తూనే ఉందట. ఎందుకు చెప్పలేదని అడిగాను. "మీకు రాదుగా, చిన్నబుచ్చుకుంటారని" అంది. నిజం చెబుతున్నాను, సూర్యాపేట దాటాక ఆవిడ ఒక లారీని ఓవర్‌టేక్ చేసిన తీరు చూసి నాకు ఒళ్ళు పొంగింది. వెనకనుంచి చప్పట్లు కొట్టబోయాను. మీరు చెప్పిన పట్టీ వదల్లేక మానుకున్నాను.

గురువారం బుచ్చిబాబు ఫోన్ చేశాడు. పోస్ట్‌మాన్ తన చేతికిచ్చిన మీ ఉత్తరం చదివి వినిపించాడు. నా స్లాటులో బైకులు పెట్టేశాడట. పగటి పూటే గదండీ కారు తెప్పించాను, మరి స్థానభ్రంశం ఎలా వచ్చిందో సిద్ధాంతి గారిని అడగాలి. స్థిరాస్తి పోయింది. చరాస్తి మిగిలింది. సీటు మాత్రం నాదే, అందులోంచి ఎవరూ లేపడం లేదు.

అసలు ఈ ఉత్తరం ఎందుకు మొదలుపెట్టానంటే, ఏలూరుకి ఒక లారీ పంపి, కారునీ నన్నూ కలిపి ఎక్కించుకుని రమ్మని అడుగుదామని. ఇంతసేపు రాశాక ఆ సంగతి అంత ముఖ్యంగా తోచడం లేదు.

ఇట్లు,
మీ
జోగారావు.

తా.క.: దీనికి స్టాంపు లేదేమని చూడకండి. పోస్టులో వెయ్యలేదు. హైదరాబాదు తిరిగొచ్చాక, మీ అమ్మగారికి పూతరేకులు ఇవ్వడానికి వస్తూ మా ఆవిడే దీన్ని తెచ్చి మీ చేతికిస్తుంది. చదవడం అయ్యాక ఒకసారి కిటికీలోంచి కిందికి చూడండి. వెనక సీట్లో పేపరు పట్టుకుని ఉన్నది నేనే. దిగలేదని ఏమీ అనుకోవద్దు. వచ్చే వారాల్లో ఇంకా తణుకు, కాకినాడ ఉన్నాయి.