వంటిల్లు సెనెగల్‌లో

నియూమి, గాంబియా ఉత్తరపు పొలిమేర,
11 అక్టోబర్ 1991, శుక్రవారం.

బర్రా రేవులో పడవ నడుపుకునే నా బానిస వాలీ జూఫ్‌కి,

చెప్పలేదూ నీకు, పెరట్లో ఆ రాయి ఎప్పటికైనా మా కొంప ముంచుతుందని? నువ్వు నవ్వావు. మేకని కట్టేసుకోవడానికి పనికొస్తుందిలే అన్నావు. ఇప్పుడు ముంచింది.

ఆగు, ముందు క్షేమం అడగాలి. నీ ఇంటిల్లిపాదీ శాంతేనా? పడవ శాంతేనా? వలలూ, వాటిలో పడని చేపలూ శాంతేనా? మా ఫులా జాతివాడు మీ సెరేర్ జాతివాణ్ణి బానిస అనాలనీ, వాడూ తిరిగి అదే మాట అనాలనీ, ఇద్దరికీ కోపం రాకూడదనీ మన పూర్వులు పెట్టిన ఆచారం కాబట్టి అడుగుతున్నాను, నా వంతు అన్నం కూడా ఇంకా నువ్వే తింటున్నావా? ఇక్కడ ఆవులు శాంతిగానే ఉన్నాయి. మనుషుల సంగతి మాత్రం అడక్కు.

మా తాత ఇల్లు కట్టుకున్నాక తెల్లదొరలు వచ్చి గొలుసుతో కొలిచి, రాయి పాతి పోయారు. ఆ రాయి పడ్డ చోటు మా పెరడు. పడకలు గాంబియాలో, వంటిల్లు సెనెగల్‌లో. కుంబా అక్కడ వండుతుంది, మేం ఇక్కడ తింటాం. ఇన్నేళ్ళలో అన్నం గిన్నెకి సుంకం అడిగినవాడు లేడు. జనాభా లెక్కలప్పుడు మాత్రం సెనెగల్ వాళ్ళు వంటింట్లో ఉందని కుంబాని రాసుకుపోయారు. వాళ్ళ లెక్కలో మొగుడు లేని ఆడమనిషి ఒకతె ఉంది. ఆ మొగుణ్ణి నేను.

మధ్యలో కొన్నేళ్ళు రెండు దేశాలూ పెళ్ళాడినట్టు కలిసి ఉన్నాయి కదా, అప్పుడే బాగుండేది. ఆ పెళ్ళి పెటాకులయ్యాక మళ్ళీ అందరికీ గీత గుర్తొచ్చింది.

మా అమ్మాయి రమతూ ఈసారి మొదటిసారి ఓటెయ్యాలి. మన దగ్గర ఓటంటే కాగితం కాదు, గోళీ కదా, అది డ్రమ్ములో పడి గంట ఎలా మోగుతుందో, ఎవడు సైకిలు బెల్లు కొట్టి జనాన్ని తికమక పెడతాడోనని సైకిళ్ళని ఎలా తోలేస్తారో బడిలో పిల్లలకి చెప్పేది. తనూ వెళ్ళి ఓటర్ల జాబితాలో పేరు రాయించుకుని వచ్చింది. పై వీధి పాతే బల్దే, అవతలి పార్టీ మనిషి, అడ్డం తగిలాడు. ఆ పిల్ల సెనెగల్‌లో పుట్టింది, గోళీకి హక్కు లేదు, సర్కారు బడిలో ఉద్యోగానికీ హక్కు లేదు అని.

బాంజుల్ నుంచి అధికారి వచ్చాడు. కుర్రవాడు, మర్యాదస్థుడు, చెమటలు కారుతున్నాయి పాపం. అమ్మాయి ఎక్కడ పుట్టింది అన్నాడు. మా అమ్మ గుడిసెలో అన్నాను. ఆ గుడిసె ఏ దేశంలో ఉండేది అన్నాడు. పడిపోయిన గుడిసె కదా, ఊరి పెద్ద ఇటు చూపించాడు, మా పిన్ని అటు చూపించింది, ఇద్దరూ తిట్టుకున్నారు. చివరికి సగం ఇటూ సగం అటూ అని తేలింది. అయితే మంచం ఎలా వేసేవారు అన్నాడు. గీతకి అడ్డంగా అన్నాను. ఎటు తల పెట్టుకునేవారు అన్నాడు. గాంబియా వైపు అన్నాను. హమ్మయ్య, తల గాంబియాలోనే ఉందిగా అని రాసుకోబోయాడు. తల్లి తల సంగతి సరే బాబూ, బిడ్డ తల్లి తలలోంచి పుడుతుందా అన్నాను. ఊరంతా నవ్వింది. ఆయన కలం మూసేశాడు. సోమవారం బర్రాలో పెద్ద విచారణ, పుట్టుక కళ్ళారా చూసిన సాక్షిని తీసుకురండి, లేకపోతే పేరు కొట్టేస్తాం అని చెప్పి వెళ్ళాడు.

ఆ వెధవ పరిహాసం నేను ఆడకుండా ఉండాల్సింది.

మర్నాడు రమతూ బడికి వెళ్ళింది. మన దేశానికి మూడు వైపులా సెనెగల్, నాలుగో వైపు సముద్రం అని చెబుతుంటే వెనక బెంచీలోంచి ఎవడో, టీచరమ్మా, మరి మీరు ఏ వైపు అన్నాడట. సుద్దముక్క బల్ల మీద పెట్టి వచ్చేసింది. అప్పట్నుంచీ వంటింట్లోనే కూర్చుంటోంది. అక్కడ కూర్చుంటే పాతే బల్దే గెలిచినట్టే తల్లీ, బయటికి రా అన్నాను. నా మాటకి అది నవ్వకపోవడం ఇదే మొదలు. నాన్నా, నేను ఎక్కడిదాన్నో నీకైనా తెలుసా అని అడిగింది. అది పుట్టిన రోజు నేను ఊళ్ళో లేను. ఆవుల్ని తోలుకుని ఎగువకి పోయాను. తిరిగొచ్చేసరికి అమ్మ ఒళ్ళో పిల్ల ఉంది. ఈ ఇంటి బిడ్డ ఈ ఇంట్లోనే పుట్టింది, బొడ్డు ఇక్కడే పాతాను అని అమ్మ పోయేదాకా చెబుతూనే ఉంది.

కుంబాని అడిగితే పొయ్యి ఊదుతూ కూర్చుంటుంది. పొయ్యిలో నిప్పు లేదని చెప్పినా ఊదుతుంది. నిన్న మాత్రం ఉన్నట్టుండి, వాలీకి ఉత్తరం రాయి అంది. వాడికెందుకు, చేపలు పట్టుకునేవాడికి సరిహద్దుల సంగతి ఏం తెలుసు అన్నాను. రాయమన్నానుగా అంది. నాకేం అర్థం కాలేదు, అయినా రాస్తున్నాను. ఈ ఇంట్లో నాకు అర్థం కానివి ఇంకా ఉన్నాయి. ఫులావాళ్ళం పాలు తాగే జాతి కదా, మా పిల్లకి చేపంటే ప్రాణమేమిటి? ఏటేటా నువ్వు బుట్టెడు ఎండు చేపలు నాకు కాకుండా దాని పేరున పంపడమేమిటి?

నీకేమైనా ఉపాయం తోస్తే చెప్పు. తోచకపోతే నాలుగు తిట్లయినా రాసి పంపు, మనసు తేలికపడుతుంది.

ఇట్లు,
నీ యజమాని,
యేరో సోవే

తా.క. ఉత్తరం మడిచే ముందు కుంబాకి చదివి వినిపించాను. చేపల దగ్గరికి వచ్చేసరికి బావురుమంది.

ఇప్పుడు తెలిసింది. పురిటినొప్పులు ఆగిపోయి కుంబా నల్లబడిపోతుంటే వాళ్ళక్క బండెక్కించి బర్రా తీసుకొచ్చిందనీ, ఆ రోజూ ఫెర్రీ చెడిపోయే ఉందనీ, అవతలి ఒడ్డున బాంజుల్ ఆస్పత్రికని నువ్వు పడవ తీశావనీ. నది నడిమధ్య అలల్లో రమతూ పుట్టిందనీ, చేపలు కోసే కత్తిని నిప్పుల్లో కాల్చి నువ్వే బొడ్డు కోశావనీ. గడప దాటి కన్న కోడలన్న మాట రాకూడదని మా అమ్మ మీ అందరిచేతా ఒట్టు వేయించుకుందనీ. ఇన్నేళ్ళు! సెరేర్‌వాడి నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతా చెప్పి తిరిగాను కదరా నేను.

సోమవారం పొద్దున్నే విచారణకి రా. ఏ ఒడ్డున పుట్టింది అని అడుగుతారు. ఏ ఒడ్డునా కాదు, నదిలో అని చెప్పు. అక్కడ సెనెగల్ వాడిది ఒక్క చుక్క కూడా లేదు. మన దేశమంటేనే ఆ నదీ, దానికి రెండు పక్కలా కుట్టిన అంచూ.

పోయినావిడ చేతిలో వేసిన ఒట్టు నీకు అడ్డం వస్తుందని తెలుసు. కానీ నువ్వు నా బానిసవి. బానిస వేసిన ఒట్టుని యజమాని విప్పొచ్చు. విప్పాను. ఇన్నాళ్ళూ ఆ మాట నవ్వుకోవడానికే అన్నాను వాలీ, ఇవాళ మాత్రం ఆ మాట మీదే నిలబడ్డాను. దాని చాటున ఉండి ఒక తండ్రి అడుగుతున్నాడు, కాదనకు.

రమతూకి ఇంకా చెప్పలేదు. అదిగో, వంటింట్లోంచి పిలుస్తోంది, నాన్నా, చేపలు వేగాయి, చల్లారిపోతాయి రా అని. వెళ్ళి ముందు ఆ మాటే చెబుతాను, తల్లీ, నువ్వు పుట్టింది మన నదిలో అని.