మెల్లగా చెప్పిన సాక్ష్యం

జనవరి 5, ఆదివారం

చర్చి అయ్యాక అందరం మా ఇంట్లోనే తిన్నాం. మా ఆయన ఎల్బర్ట్ చెల్లెలు గ్లెండా కూడా వచ్చింది. మా అమ్మాయి కెజియా లా స్కూళ్ళకు అప్లై చేసిందని విని, చికెన్ ముక్క చేత్తో పట్టుకునే మొదలుపెట్టింది. దీని డిగ్రీ హాల్‌బ్రూక్ కాలేజీలోనా? ఆ పేరు చూసి వాళ్ళు మ్యాప్ తీసి వెతుక్కోవాలి వదినా, అంది. పెద్ద లా స్కూళ్ళు ముందు చూసేది డిగ్రీ ఎక్కడ చదివారనేనట. వాళ్ళబ్బాయి ట్రెమేన్‌ని ఉత్తరాదిన పేరున్న యూనివర్సిటీకి పంపింది అందుకేనట.

నేను ఆకుకూర గిన్నె ఆమె వైపు జరిపాను.

డిగ్రీకి కెజియాకి కూడా అలాంటి చోట సీటు వచ్చింది. ఎల్బర్ట్ వెళ్ళమన్నాడు. నేను ప్రార్థన చేసి ఊరుకున్నాను. నిర్ణయం దానిదే. అక్కడ మూడొందల మంది వెనక కూచునే కన్నా ఇక్కడ మన అలబామాలో టీచర్ ముక్కు కింద కూచుంటాను మమ్మా, అంది.

తప్పు చేసిందా? హైస్కూల్ దాటని నాకేం తెలుసు. ప్రభువుకి తెలుసు.

జనవరి 11, శనివారం

ఉండబట్టలేక అడిగేశాను, గ్లెండా అత్త చెప్పింది నిజమేనా అని. కెజియా నవ్వేస్తుందనుకున్నాను. నవ్వలేదు.

లా స్కూళ్ళు ముందు రెండు అంకెలు చూస్తాయట. డిగ్రీ మార్కులు, లా ప్రవేశ పరీక్ష ఎల్‌శాట్ స్కోరు. కాలేజీ పేరు ఆ తర్వాతి మాటట. హాల్‌బ్రూక్‌లో దానికి దాదాపు అన్నీ ఏ గ్రేడ్లే. ట్రెమేన్ చదివిన చోట ఉంటే నాకూ బీలే వచ్చేవేమో, అంది. మరి బెంగ దేనికే అన్నాను. హాల్‌బ్రూక్ నుంచి తను కోరుకుంటున్న ఉత్తరాది పెద్ద లా స్కూల్‌కి ఇంతవరకు ఒక్కరూ అప్లై చేయలేదట. మా కాలేజీలో ఇచ్చే ఏ గ్రేడు ఎంత గట్టిదో వాళ్ళకెలా తెలుస్తుంది మమ్మా, అంది. పెద్ద యూనివర్సిటీల్లో ఈ సంగతులు చెప్పడానికే మనుషులుంటారు. దీనికి హిస్టరీ చెప్పే డాక్టర్ లాటిమోర్ ఒక్కావిడే దిక్కు. ఆవిడకీ ఇదే మొదటిసారి.

ఫిబ్రవరి 3

మన అలబామాలోనే ఒక లా స్కూల్ సీటిచ్చింది, స్కాలర్‌షిప్‌తో సహా. స్తోత్రం! ఎల్బర్ట్ వంటింట్లో నన్ను పట్టుకుని గిర్రున తిప్పాడు, నడుం పట్టేసింది.

కెజియా కూడా సంతోషించింది. కానీ దాని కన్ను ఆ పెద్ద స్కూల్ మీదే. మా మామగారి పొలం వీలునామా లేక, వారసులు ఎవరో తేలక, కోర్టు వేలంలో పోయింది. ఈ చుట్టుపక్కల మన నల్లవాళ్ళ నేల చాలా వరకు అలాగే పోయింది. అలాంటి కేసులు వాదిస్తూ నేర్పే టీచర్ ఆ స్కూల్లో ఉందట. ఆవిడ దగ్గర నేర్చుకుని ఇక్కడికే వస్తాను మమ్మా, అంది.

ఫిబ్రవరి 10

ఏమీ రాలేదు. నేను వంట చేసే బడిలో పిల్లలకు ఇవాళ చేప, మొక్కజొన్న రొట్టె పెట్టాం.

ఫిబ్రవరి 16, ఆదివారం

ప్రభువు చేసిన మేలు లేచి చెప్పే సాక్ష్యాల వేళ నా కాళ్ళు వాటంతటవే లేచాయి. నేను లేచి మాట్లాడేది ఎప్పుడో ఒకసారి. ప్రభువా, నా బిడ్డకు ఆ పెద్ద లా స్కూల్లో సీటిచ్చినందుకు స్తోత్రం అని చెప్పి కూచున్నాను.

అది మా చర్చిలో వాడుకే. అడిగింది చేతికి రాకముందే వచ్చిందని పలుకుతాం. బ్రదర్ హైరమ్ కొత్త ట్రక్కు వచ్చిందని ఏడాదిగా పలుకుతున్నాడు, చర్చికి నడిచే వస్తున్నాడు. అందరికీ తెలుసు, అందరం ఆమేన్ అంటాం.

నేను పలకగానే ఆర్గన్ దద్దరిల్లింది. ఇంతలా ఎందుకు సంతోషిస్తున్నారో అర్థం కాలేదు. మా చర్చి పెద్దావిడ మదర్ పెట్టవే కర్ర పక్కన పడేసి నన్ను కావిలించుకున్నారు.

ఫిబ్రవరి 23, ఆదివారం

అయ్యో ప్రభువా. చర్చి బులెటిన్ మొదటి పేజీలోనే కెజియా ఫోటో, కింద అభినందనలు. ఆరాధన అయ్యాక హాల్లో కేకు. దాని మీద క్రీముతో త్రాసు బొమ్మ.

వాళ్ళు వార్త అనుకున్నారు!

కెజియా నా చెయ్యి గిల్లి, మమ్మా, ఏం చేశావ్, అని పళ్ళ బిగువున అడిగింది. విశ్వాసంతో పలికానే అన్నాను. అలా పలికేవాళ్ళు గంతులేసి అరుస్తారు మమ్మా, నువ్వు బస్సు టైమ్ చెప్పినట్టు చెప్పావు, నమ్మరా మరి, అంది. కోపంగా అంటూనే నవ్వు ఆపుకోలేకపోయింది. కేకు కొయ్యక తప్పలేదు.

మార్చి 4

ఆ స్కూల్ నుంచి మెయిల్ వచ్చింది. వెయిట్‌లిస్ట్. కాదనలేదు, అవుననలేదు. కెజియా పుప్పొడి పట్టిన కారు కడుగుతూ చాలాసేపు బయటే ఉంది.

మార్చి 9, ఆదివారం

ఉన్నది ఉన్నట్టు చెప్పేస్తానని మదర్ పెట్టవేకి ముందే చెప్పాను. పలికింది వెనక్కి తీసుకోకు బేబీ, అన్నారు. విశ్వాసం వెనక్కి తీసుకోను మదర్, బులెటిన్ మాత్రం తీసుకోవాలి కదా, అన్నాను. ఆవిడ ఆలోచించి, అదీ నిజమే, అన్నారు.

లేచి చెప్పాను. సీటు ఇంకా రాలేదని, వెయిట్‌లిస్ట్‌లో ఉందని, పొరపాటు నాదేనని. అప్పుడు మదర్ పెట్టవే కూచున్న చోటు నుంచే, అయితే కాస్త ముందు తినేశాం, అంతే, కేకు మాత్రం తిరిగివ్వం సిస్టర్ వర్లీన్, అన్నారు. పాస్టర్ గారే ముందు నవ్వారు.

ఇంటికొచ్చేసరికి గ్లెండా ఫోన్. వెయిట్‌లిస్టా, నేను చెప్పలేదూ, పేరులేని కాలేజీ అని, అంది. ఎల్బర్ట్ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, చెల్లాయ్, కూర మాడుతోంది, అని పెట్టేశాడు. పొయ్యి మీద అసలేమీ లేదు.

మార్చి 27

ఏమీ రాలేదు. ఏమీ రాకపోయినా రాత్రి బాగా నిద్ర పడుతోంది. నిజం చెప్పినందుకు కాబోలు.

ఏప్రిల్ 16, బుధవారం, సాయంత్రం

వెయిట్‌లిస్ట్‌లో కొందరితో ఆ స్కూల్ వాళ్ళు మాట్లాడతారట. కెజియా వంటింటి బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుంది. నేను హాల్లో తువ్వాళ్ళు మడతపెట్టాను. మడతపెట్టినవే మళ్ళీ విప్పి పెట్టాను.

స్కూల్ తరఫున మాట్లాడుతున్న ఆవిడ గొంతు మర్యాదగా ఉంది. సూటిగానే అడిగింది. పేరున్న యూనివర్సిటీ సీటు వదిలి హాల్‌బ్రూక్‌లో ఎందుకు చేరావని. నా చేతులాగిపోయాయి.

కెజియా తడుముకోలేదు. మా క్లాసులో ఏడుగురం, డాక్టర్ లాటిమోర్ మమ్మల్ని మొదటి ఏడే కోర్టు నేలమాళిగకి తీసుకెళ్ళి పాత దస్తావేజులు చేతికిచ్చారు, అంది. ఏ పొలానికి ఎవరెవరు వారసులో వెతికి, ముసలివాళ్ళ ఇళ్ళకెళ్ళి అడిగి, వంశవృక్షాలు గీశాం, మూడు కుటుంబాల నేల వేలానికి పోకుండా ఆగింది, పెద్ద చోట నాకు ఆ కాగితాలు ఎవరిచ్చేవారు, అంది.

నిజమే, మీ కాలేజీ మార్కుల్ని ఎలా అర్థం చేసుకోవాలో మాకు తెలియడం లేదు, అందావిడ. డాక్టర్ లాటిమోర్ నాకొక సీ గ్రేడు ఇచ్చారు మేడమ్, ఎందుకిచ్చారో మీరే కనుక్కోండి, నేను నాలుగేళ్ళుగా అడుగుతున్నా చెప్పడం లేదు, అంది కెజియా. ఆ మేడమ్ పకపకా నవ్వి డాక్టర్ లాటిమోర్ నంబరు అడిగింది.

ఏప్రిల్ 18, గుడ్ ఫ్రైడే

ఆ మేడమ్ డాక్టర్ లాటిమోర్‌కి ఫోన్ చేసిందట. గంటకు పైగా మాట్లాడుకున్నారట. ఏం మాట్లాడారో డాక్టర్ లాటిమోర్ చెప్పడం లేదు. సీ ఎందుకిచ్చిందో మాత్రం ఆ మేడమ్‌కి చెప్పిందట.

మే 14, బుధవారం

పాల డబ్బాలు సర్దుతున్నాను. కెజియా సరాసరి బడి వంటింట్లోకి వచ్చేసింది. తలకి నెట్ లేకుండా లోపలికి రాకూడదే అన్నాను. మమ్మా, సీటు వచ్చింది, అంది.

ఇద్దరం పాల ఫ్రిజ్‌కి ఆనుకుని ఏడ్చాం. ఆ మేడమే ఫోన్ చేసిందట. ఒక కాలేజీ నుంచి మొదటి మనిషిని తీసుకోవడమే కష్టం, ఇకమీదట హాల్‌బ్రూక్ అంటే ఏమిటో మాకు తెలుసు, అందట. డాక్టర్ లాటిమోర్ అప్పుడే వచ్చే ఏటికి ఇంకో అమ్మాయిని సిద్ధం చేస్తోందట.

గ్లెండాకి నేనే చెప్పాను. కాలేజీ పేరే ముఖ్యమని నేనెప్పుడన్నాను వదినా, అంది. కెజియాకి చలికోటు తనే కొంటానంది. సరేనన్నాను. ఉత్తరాది చలి ఆమెకే తెలుసు.

మే 18, ఆదివారం

లేచాను. సీటు వచ్చిందని చెప్పాను. అందరూ ఆమేన్ అని జాలిగా చప్పట్లు కొట్టారు. బ్రదర్ హైరమ్, నమ్ముతున్నాం సిస్టర్, ఆగిపోకు, అని నా భుజం తట్టాడు. కెజియా ముందు బెంచీ వెనక తల దాచుకుని నవ్వుతోంది. మదర్ పెట్టవే చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని, ఇది విశ్వాసమా, వార్తా, అన్నారు.

వార్త! అని అరిచాను.

మే 19, సోమవారం

గొంతు లేదు. పిల్లలకు తెల్లపాలా, చాక్లెట్ పాలా అని వేళ్ళతో అడిగాను.