పసుపుకొమ్మును బంగారంగా గుర్తించినందుకు

నేర బాధితులకు తక్షణ సాయం మంజూరు చేయు అధికారి గారి సముఖమునకు, మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీ గుండెబోయిన సైదులు చేతులు జోడించి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నా భార్య స్వరూప మెడలోంచి పోయిన పుస్తెలతాడు పోనేలేదని తమ కార్యాలయం కనుగొన్నందుకు కృతజ్ఞతలు తెలుపుకొనుట, ఆమె విరిగిన భుజం ఆపరేషన్‌కు సాయం మళ్ళీ కోరుట గురించి.

1. గత నెల పెళ్ళికని కోదాడ పోయి, బస్సు దిగి నడుస్తుండగా, మోటారుసైకిలు మీద వచ్చిన ఇద్దరు నా భార్య పుస్తెలతాడు పట్టి గుంజినారు. తాడు గట్టిది. అది తెగేలోపల ఆమెను రోడ్డు మీద ఈడ్చుకుపోయినారు. కుడి భుజం ఎముక విరిగింది. పోలీసు ఫిర్యాదు నకలు మొదటి అర్జీకే జతపరిచి ఉన్నాను. తమవారు దాన్ని చదవలేదని అనే ధైర్యం నాకు లేదు.

2. అప్పుడు అక్కడి కిరాణాకొట్టు జానకమ్మ అనే పెద్దామె ఉరికివచ్చి, పసుపు రాసిన దారానికి పసుపుకొమ్ము కట్టి నా చేతిలో పెట్టింది. "ముందు ఇది కట్టయ్యా. మొగుడుండగా బోసిమెడతో దవాఖానకు తీసుకుపోతావా?" అన్నది. రోడ్డు మీదనే కట్టి, తర్వాత ఆటో ఎక్కించినాను. ఈ కేసులో మాకు ఇంతవరకు అందిన తక్షణ సాయం ఆ కొమ్ము ఒక్కటే. దానికి జానకమ్మ ఆధార్ జిరాక్సు అడగలేదు.

3. సూర్యాపేట దవాఖానలో డాక్టరు గారు ఎముకకు ప్లేటు వేయాలన్నారు. ఆలస్యమైతే ఎముక వంకరగా అతుక్కొని చెయ్యి ఇక పైకి లేవదన్నారు. నా భార్య సాయంత్రం పూట బండి మీద జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. రొట్టె చేత్తో కొడితేనే అవుతుంది, సిఫారసుతో కాదు. ఇల్లు మిర్యాలగూడలో, నేరం కోదాడలో, దవాఖాన సూర్యాపేటలో పెట్టుకోవడం మాత్రం మా తప్పే. ఒక ఊరి కాగితం ఇంకో ఊళ్ళో చెల్లక తిరుగుతున్నాను. ఇకమీదట మెడ మీద చెయ్యి పడితే అంతా ఒకే మండలంలో జరిగేటట్టు చూసుకుంటాము.

4. విచారణకు వచ్చిన తమ సారు గడప దగ్గరే నిలబడి చాయ్ తాగి, ప్రశ్నలన్నీ నన్నే అడిగినారు. మంచం మీద ఉన్న మనిషిని ఒక్క మాట అడగలేదు. దూరం నుంచి ఆమె మెడలో పచ్చటి తాడు చూసినారు. తాడు చివర ఏమున్నదో చూడలేదు, పరాయి ఆడమనిషిని అంతకంటే చూడని మర్యాదస్థులు. దరిమిలా తమ జవాబు వచ్చింది: "అర్జీదారు భార్య మెడయందు పుస్తెలతాడు ఉన్నది. కావున చోరీ జరిగినట్లు కానరాదు. గాయము కాలుజారి పడుటచే కలిగినదిగా భావించి సాయము నిరాకరించడమైనది." ఒక్క సంతకంతో పసుపుకొమ్ము బంగారమైంది. తమ దగ్గర ఇంత విద్య ఉన్నదని తెలిస్తే వంటింట్లో ఉన్న మిగతా కొమ్ములు కూడా పంపేవాణ్ణి.

5. కార్యాలయానికి వచ్చి అది పసుపుకొమ్మని విన్నవించుకున్నాను. కౌంటర్‌లో సారు ఓపికగా విని, అయితే బోసిమెడతో ఫోటో పెట్టమన్నారు. నేను బతికే ఉన్నాను కదా సారూ అన్నాను. "నువ్వు బతికున్నవు, మేం కాదంటలేం. మాకు ఫోటోల మెడ కనపడాలె" అన్నారు.

ఇంటికి వచ్చి చెబితే నా భార్య, "వాళ్ళు అడగకుండ గుంజిండ్రు. వీళ్ళు అడిగి తీపిస్తుండ్రు" అన్నది. దీనికి తమ వద్ద జవాబు ఉంటే రాతపూర్వకంగా ఇప్పించగలరు.

అయ్యా, నాకు భయంగా ఉన్నది. ఆమె చెయ్యి తలదాకా లేవక దువ్వెన నాకిస్తుంది. బస్తాలు మోసే చేతులు నావి, జడ వేయడం రాదు. చిక్కు తీయబోతే ఏడుస్తుంది. గట్టిగా గుంజినానా అని అడిగితే, అది కాదంటుంది.

కావున ఎముక తనంతట తాను ఒక నిర్ణయానికి రాకముందే ఆపరేషన్ సాయం మంజూరు చేసి, తమ రికార్డులోని బంగారాన్ని తిరిగి పసుపుగా మార్చవలసిందిగా వేడుకుంటున్నాను. ఈ గోడును తీరిక చేసుకొని చిత్తగించవలెను.

తమ విధేయుడు, ఇప్పటికి సజీవుడు,
గుండెబోయిన సైదులు

తా.క.: ఫోటో జతపరిచినాను. ఆమె చెయ్యి మెడ వెనక్కి పోదు గనుక ముడి నేనే విప్పినాను. నేను వేసిన ముడే, తొందరగా రాలేదు. ఫోటోలో ఆమె ఎడమ భుజం మీద ఒక చెయ్యి కనిపిస్తుంది. అది నాది. ఫోటో తీసిన పక్కింటి నవ్య నన్ను జరగమన్నది. స్వరూప జరగనియ్యలేదు. "ఉండనియ్యి, మొగుడు లేడనుకుంటరు" అని నా చెయ్యి పట్టుకున్నది. ఫోటోలో రెండో మనిషి ఉన్నాడని తిప్పి పంపకండి. ఫోటో కాగానే మళ్ళీ కట్టినాను. ఇంకోసారి విప్పను.