ప్రేమదాసుగారూ అన్నందుకు

జగ్గయ్యపేట,
ఆగస్టు 1978

అక్కయ్యా,

నువ్వు నందిగామ నుంచి పంపిన నవల చదివాను. అందులో అమెరికాలో బానిసత్వం రద్దయ్యాక, అంతదాకా బానిసగా బతికిన ముసలాయన్ని ఊళ్ళోవాళ్ళు మొదటిసారి "అయ్యా" అని పిలిచినచోట ఏడ్చేశాను. అప్పుడే మా పాలేరు ప్రేమదాసు గడ్డిమోపుతో వచ్చాడు. మన నాన్న ఈడు మనిషి. అయినా ఇంట్లో అందరం "ఒరే" అనే పిలుస్తాం.

"ప్రేమదాసుగారూ, మోపు అక్కడ దించండి" అన్నాను.

ఆయన మోపు అక్కడికక్కడే వదిలేశాడు. "నావల్ల తప్పేమన్నా జరిగిందా అమ్మగారూ? పన్లోంచి తీసేత్తన్నారా?" అని చేతులు జోడించాడు. కాదని ఎంత చెప్పినా నమ్మలేదు, అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి "ఒరే, పోయి గేదెలకి కుడితి పెట్టు" అని కసిరాను.

ఆయన ముఖం తేటపడింది. "అట్టాగేనమ్మగారూ" అంటూ హాయిగా వెళ్ళాడు.

నేనే ఇంకా తలెత్తలేకపోతున్నాను. బావగారికి ఈ సంగతి చెప్పకు.

నీ చెల్లెలు