ముప్పై ఒకటో నంబరు

అన్నయ్యకు,

చెల్లెలి నమస్కారాలు. ఇక్కడ మేమందరం కులాసాగానే ఉన్నాం. మీ బావకి దగ్గు తగ్గింది. నువ్వు, వదిన, పిల్లది బాగున్నారని తలుస్తాను.

నీ ఉత్తరం సోమవారం అందింది. అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. వదినని మోకాలికి కాపడం మానొద్దను. పిల్లదానికి నేను కుట్టిన గౌను పొడుగైతే కత్తిరించకండి, అంచు మడిచి కుట్టండి. విప్పుకుంటే వచ్చే ఏడాదీ వేసుకుంటుంది. ఇంట్లో అల్మరా ఇప్పటికీ రోజూ సర్దుతున్నానా అని ఎగతాళి చేశావు. సర్దుతూనే ఉన్నాను. చిన్నప్పుడు నీ గోళీలని రంగుల వారీగా డబ్బాల్లో పెడతానని, నీవేవో పక్కింటివాడివేవో తెలియకుండా కలిపేసి, నీకు వీధిలో తన్నులు తినిపించినదాన్ని కదా.

"ఆఫీసులో జీతమిచ్చి మరీ దీనిచేత ఏం సర్దిస్తారు?" అని వదిన అడిగిందట. మాది బస్సు డ్రైవర్ల మీద పరిశోధన. మావాళ్ళు డిపోలకు వెళ్ళి ఒక్కొక్కరికీ రెండుసార్లు పరీక్ష పెడతారు. డ్యూటీ ఎక్కకముందు ఒకసారి, వారం ఆగి డ్యూటీ దిగాక ఒకసారి. దీపం వెలగ్గానే మీట నొక్కాలి, ఎంత త్వరగా నొక్కారో యంత్రం రాసుకుంటుంది. ఇదంతా నీకు తెలుసు, వదిన కోసం రాస్తున్నాను. పేర్లు మా మేడం దగ్గరే ఉంటాయి, మా దగ్గరికి మనిషికో నంబరు వస్తుంది. డ్యూటీకి ముందుదానికి ‘ఒకటి’ అని, దిగాక చేసినదానికి ‘రెండు’ అని గుర్తు. ఆ గుర్తులు వేసినవాళ్ళు ఐదారుగురు, ఎవరి ఇష్టం వాళ్ళది. ఒకరు ‘డ్రైవరు 7’ అంటారు, ఇంకొకరు ‘డ్రై-07’ అంటారు, మరొకరు ‘ఏడో ఆయన, రెండు’ అని రాసి చేతులు దులుపుకుంటారు. మూడు వందల పైచిలుకు ఫైళ్ళు. అన్నిటినీ ఒక తీరుకు తేవడం నా పని.

మూడు వారాల్లో అద్దంలా చేసి పెట్టాను. మా మేడం అందరినీ పిలిచి, నా పట్టిక చూపించి, "పనంటే ఇలా ఉండాలి" అన్నారు. ఆ రోజు నాకు కాళ్ళు నేలమీద ఆనలేదు.

అందులో ఒకే ఒక్క మనిషి దగ్గర ‘రెండు’ ముందు తేదీన, ‘ఒకటి’ వారం తర్వాతి తేదీన ఉన్నాయి. రెండు ముందెలా వస్తుంది? ఎవరో పరాకుగా వేశారనుకుని, తేదీల ప్రకారం దాన్ని ‘ఒకటి’గా, దీన్ని ‘రెండు’గా మార్చేశాను. పరీక్ష రోజున డిపోలో చేత్తో నింపిన కాగితం తీసి చూసుకోవాల్సింది. కాగితాల బీరువా తాళం కోసం రెండంతస్తులు ఎక్కాలి, బద్ధకించాను. ఆ మనిషిది ముప్పై ఒకటో నంబరు.

అన్నయ్యా, ముప్పై ఒకటి నువ్వే.

విశ్రాంతిగా ఉన్నప్పుడే మీ చేయి నెమ్మదిగా ఉంది, డాక్టరుకు చూపించుకోండి అని నీకు మా ఆఫీసు నుంచి వచ్చిన ఉత్తరం నా సర్దుడు వల్ల వచ్చిందే. అప్పుడు నువ్వు నాకు రాశావు. "విచిత్రంగా ఉందే పొట్టీ. ఆ వారం డ్యూటీ మారి, దిగాక చేసే పరీక్షే నాకు ముందు జరిగింది. మీవాళ్ళేమైనా తారుమారు చేశారేమో చూసి చెప్పు" అన్నావు. చదవగానే నేను మార్చేసిన ఆ ఒక్క నంబరు గుర్తొచ్చింది. మెట్లెక్కి తాళం తెచ్చి బీరువా తెరిచాను. ముప్పై ఒకటో కాగితం అడుగున నీ చేతిరాత ఉంది. "డ్యూటీ మారినందున ఈ రోజు పని దిగి వచ్చాను. దయచేసి గమనించగలరు." పక్కనే పరీక్ష పెట్టినాయన సంతకం.

ఇంతవరకూ రాసింది పొరపాటు. ఇక రాయబోయేది పొరపాటు కాదు.

ఆ కాగితం చూసిన సాయంత్రమే నీకు జవాబు రాశాను. "తారుమారేమీ లేదన్నయ్యా, నేనే చూశాను. వయసు కదా, కాస్త విశ్రాంతి తీసుకో" అన్నాను. మేడం నా పట్టికని బయటివాళ్ళకి కూడా చూపిస్తున్న రోజులవి. నోరు విప్పితే పరువు పోతుందనుకున్నాను. నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్తావు, ఆయన బాగానే ఉందంటాడు, అంతటితో తేలిపోతుందిలే అని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను.

నువ్వు డాక్టరు దగ్గరికి వెళ్ళనే లేదు. "చెల్లి చూసి చెప్పాక ఇంకా అనుమానమెందుకు? నలభై మంది ప్రాణాలతో ఆటలొద్దని బస్సు తాళాలు మేనేజరుకి ఇచ్చేశాను. గేటు దగ్గర కూర్చుని వచ్చేపోయే బస్సుల నంబర్లు రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళు బండి మీద గీత పడనివ్వలేదు, అది చాలు" అని సోమవారం వచ్చిన ఉత్తరంలో రాశావు. చివర్లో "నువ్వేం బాధపడకు పొట్టీ" అని కూడా రాశావు. ఆ మాట చదివి సిగ్గుతో చచ్చిపోయాను. రెండు రోజులు మీ బావ ముఖం కూడా చూడలేకపోయాను.

ఈ రోజు పొద్దున మేడం ముందు ఆ కాగితం పెట్టి అంతా చెప్పాను, నీకు అబద్ధం రాసిన సంగతితో సహా. ఆవిడ అరవలేదు. "ఇలా ఇంకెన్ని సర్దావు?" అని మాత్రం అడిగారు. గుర్తు లేదన్నాను. రేపటి నుంచి బీరువాలో కాగితాలన్నీ ఒక్కొక్కటీ తీసి, ఫైళ్ళన్నీ మళ్ళీ మొదటి నుంచి చూడాలి.

మేడం సంతకం చేసిన కొత్త ఉత్తరం దీనితో జతచేశాను, మేనేజరుకి చూపించు. డ్యూటీకి ముందు నీకంటే త్వరగా మీట నొక్కినవాళ్ళు మొత్తం మీద ఇద్దరే. ఇద్దరూ నీ సగం వయసువాళ్ళు. వెళ్ళి నీ తాళాలు నువ్వు తెచ్చుకో అన్నయ్యా.

నా ఉత్తరాలన్నీ నువ్వు ఏడాదికో కట్ట కట్టి దాస్తావు. పోయినసారి రాసినదాన్ని కోపంతో చించెయ్యకు. వదినకు చదివి వినిపించి, దాని మీద నీ చేతిరాతతో ‘తెలిసే రాసింది’ అని చిన్న చీటీ అంటించు. ఎప్పుడైనా నన్ను మీ ఇంటికి రానిస్తే, చేతులూరుకోక ఆ కట్టలన్నీ విప్పి మళ్ళీ సర్దుతాను, నా జబ్బు నీకు తెలుసుగా. ఆ చీటీ జోలికి మాత్రం వెళ్ళను.

ఇట్లు,
నీకు ముఖం చూపించలేని చెల్లెలు,
పొట్టి