జేబులో గుడ్డముక్క

ఆదివారం రాత్రి, ఉదయగిరి

నాయన పాత జీపుకు ఇంజన్ పైన మూతలా ఉండే హెడ్డు ఇంట్లో నేనే బిగించినాను. స్టార్ట్ చేస్తే ఒకటే వణుకు. హెడ్డు చదును చేసిన ఆత్మకూరు లేత్ షాపు రమణయ్యకు ఫోన్ చేసి నోటికొచ్చినట్టు తిట్టినాను. పాపం, బస్సెక్కి వచ్చినాడు.

ఇద్దరం విప్పినాం. అతను హెడ్డును ఎండలో పెట్టి చూస్తా ఉంటే నాకు కనబడింది. దుమ్ము పడకుండా ఇంజన్‌లోకి గాలి పోయే దారిలో నేనే కుక్కి, తీయడం మరిచిపోయిన గుడ్డ. మా ఆవిడ పాత చీర ముక్క. చటుక్కున జేబులో పెట్టుకున్నాను.

మళ్ళీ బిగిస్తే ఇంజన్ మెత్తగా తిరిగింది.

"నా పనిలోనే ఏదో తేడా ఉండింటాదిన్నా, ఏమనుకోబాక" అన్నాడు రమణయ్య. తలూపినాను! ఛీ. నోరు తెరిస్తే ఏం పోయేది?

"చొక్కా ఇప్పు, నానేస్తాను" అంటా ఉండాది మా ఆవిడ. ఇంకా ఇప్పలేదు.