ఇప్పుడెవరూ తప్పు దిద్దడం లేదు

అమ్మకు,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం ఆనవాయితీ కాబట్టి రాస్తున్నాను. అక్క క్షేమం. నా కుడిచెయ్యి కాదు. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను, అక్షరాల వంకర్లు ఓర్చుకో. నువ్వు పంపిన ఎండు పుట్టగొడుగులు అందాయి. ఇక్కడ నార్వేలో ఎప్పటిలాగే వాన, చలి, సాల్మన్ చేపల నెత్తురు. ఫ్యాక్టరీలో రోజంతా తలలు నరకడమే నా పని.

అక్క బళ్లో ఎలా నెగ్గుకొస్తోందని అడిగావు. పిల్లల దగ్గర బాగానే నెగ్గుకొచ్చింది. మొదటిరోజే వాళ్లతో ఒప్పందం చేసుకుంది: "మీ లెక్కలు నేను దిద్దుతాను, నా నార్వే మాటలు మీరు దిద్దండి." సునీవా అనే పిల్ల చెయ్యి అందరికంటే ముందు లేచేది. "మిల్డా, అలా కాదు, ఇలా!" ఇక్కడ టీచర్లనీ పేరు పెట్టే పిలుస్తారులే. అక్క తిరిగి పలికేది. తరగతంతా చప్పట్లు.

గొడవంతా పెద్దవాళ్లతోనే. పోయిన శనివారం తల్లిదండ్రులంతా పిల్లల్ని వెంటబెట్టుకొచ్చి బడికి రంగు వేశారు. నేనూ వెళ్లాను. సునీవా తండ్రి టెరియే నిచ్చెన మీద నిలబడి, అచ్చం అక్కలా మన యాసలో నాలుక దొర్లించాడు: "పిల్లల్లార్రా, ర్రెండు ర్రెళ్లు నాలుగు!"

అందరూ పగలబడి నవ్వారు.

"దిగి మాట్లాడు" అన్నాను.

"ఓహో, చేపలు కోసే తమ్ముడికి కూడా నోరుందే! రేపు మా పిల్ల ఇంట్లో ఇలాగే వాగితే డాక్టరుకి చూపించాలా ఏం?"

అక్క నా చొక్కా పట్టుకుంది. "వద్దురా. నవ్వీ నవ్వీ వాళ్లే ఊరుకుంటారు. బ్రష్ పట్టుకో."

వాడు మళ్లీ మొదలెట్టాడు.

అమ్మా, చేతికి కత్తి దిగిందని ఫోన్‌లో నీతో చెప్పింది అబద్ధం. నిచ్చెనను తన్నాను. వాడు రంగు డబ్బాతో సహా కింద పడ్డాడు. మీదెక్కి కూర్చుని నోటి మీదే కొట్టాను. కొడుతూనే ఉన్నాను. వాడి పళ్లు విరిగి నా పిడికిలికి గుచ్చుకున్నాయి. ఎర్ర రంగేదో నెత్తురేదో తెలియలేదు. నలుగురు పట్టి లాగితే గానీ లేవలేదు. లేచి చూస్తే సునీవా గోడకి అంటుకుపోయి నిలబడి ఉంది, తడి రంగు జుట్టుకి అంటుతున్నా కదలకుండా.

పోలీసు కేసయింది. జైలైతే జైలే. వాణ్ణి కొట్టినందుకు నాకు ఇప్పటికీ బాధ లేదు. కానీ నిన్న అక్క బడి నుంచి వచ్చి, కోటు కూడా విప్పకుండా అంది:

"ఇవాళ కావాలనే తప్పులు పలికానురా. ఒక్క చెయ్యీ లేవలేదు. నన్ను చూసి నవ్వేవాళ్లతో బతకగలను. భయపడే పిల్లలకి ఏం చెప్పను?"

ఉద్యోగం మానేస్తానంటోంది.

రేపు ఆ తరగతికి వెళ్తున్నాను. సునీవా తల్లి కూడా పక్కనే ఉంటానన్నాకే బడివాళ్లు ఒప్పుకున్నారు. టెరియేకి క్షమాపణ చెప్పను. పిల్లలకి చెబుతాను, అక్కకంటే అధ్వానమైన నా నార్వే భాషలో. నవ్వితే నవ్వనీ. ఆ పిల్ల ఒక్కసారి చెయ్యెత్తి "అలా కాదు, ఇలా" అంటే చాలు.

ఇట్లు,
అక్క మాట వినని నీ కొడుకు,
వైదాస్